నది అవతలి రంగుల ఇల్లు



బంతిపువ్వు లేనిదే మనకు పండగ జరగదు. దసరాకు గుమ్మానికి బంతి తోరణం కట్టాల్సిందే. బతుకమ్మలో తంగేడు, గునుగుల పక్కన బంతి వరస పడాల్సిందే. ఇంతగా మనదైపోయిన ఈ పువ్వు పుట్టిల్లు ఎక్కడో తెలుసా? మెక్సికో. మిరపకాయ మన వంటింటికి ఎలా వచ్చిందో, బంతిపువ్వూ అలాగే ఓడలెక్కి, సముద్రాలు దాటి మన పెరట్లోకి వచ్చింది.

మెక్సికోలో ఇది పోయినవాళ్ల పువ్వు. ఏటా నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయినవాళ్లు ఒకసారి ఇంటికి వచ్చి పోతారని అక్కడి నమ్మకం. వాళ్లు దారి తప్పకూడదని గుమ్మం దగ్గర్నించి ఇంటి లోపలిదాకా బంతి రేకలు చల్లుతారు. ఆ వాసన పట్టుకుని వాళ్లు వస్తారట.

ఇవాళ నేను ఆ పండగ గురించీ, అమెరికాలో ఒక బీదల పేటలో ఆ పండగను నిలబెట్టిన ఒక కళాకేంద్రం గురించీ మీతో మాట్లాడబోతున్నాను. ఆ కేంద్రం పేరు సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్. మరోసారి చెబుతున్నాను, సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్. ఊరు లాస్ ఏంజెలస్.

లాస్ ఏంజెలస్ అనగానే మనకు హాలీవుడ్ గుర్తొస్తుంది. కానీ ఆ ఊరి మధ్య నుంచి ఒక నది పోతుంది. నది అంటే పేరుకే నది. చాలా దూరం సిమెంటు కాలువలాగే ఉంటుంది. దానికి తూర్పున బాయిల్ హైట్స్, ఈస్ట్ లాస్ ఏంజెలస్ అని పేటలున్నాయి. అక్కడ తరతరాలుగా మెక్సికో మూలాలున్న కుటుంబాలు ఉంటున్నాయి. ఊరంతటికీ కూలిపని, కుట్టుపని, వంటపని చేసిపెట్టిన జనం వాళ్లు. మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా దేశాల నుంచి వచ్చినవాళ్లందరినీ కలిపి లాటినోలు అంటారు. వాళ్లలో మెక్సికో మూలాలున్న అమెరికన్ యువత 1960ల్లో తమకు తాము ఒక పేరు పెట్టుకుంది. చికానోలు. ఆ పేరు వాళ్లు గర్వంగా చెప్పుకున్నారు.

గర్వం ఊరికే రాలేదండి. ఆ పేట బడుల్లో పిల్లలు ఇంటి భాష స్పానిష్ మాట్లాడితే శిక్ష పడేది. పాఠ్యపుస్తకాల్లో వాళ్ల తాతముత్తాతల ఊసే ఉండేది కాదు. పెద్ద చదువులకు వెళ్లమని చెప్పేవాళ్లు తక్కువ, చేతిపని నేర్చుకుని బతకమనేవాళ్లు ఎక్కువ. 1968 మార్చిలో ఆ పేట హైస్కూలు పిల్లలు వేల సంఖ్యలో తరగతులు వదిలి వీధిలోకి వచ్చారు. మా చరిత్ర మాకు చెప్పండి, మా భాషకు చోటివ్వండి అని అడిగారు.

రెండేళ్లకు ఇంకో పెద్ద ఊరేగింపు జరిగింది. 1970 ఆగస్టు 29. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులు. ఆ యుద్ధంలో తమ పిల్లలు లెక్కకు మించి చనిపోతున్నారని 20 వేలకు పైగా జనం వీధుల్లో నడిచారు. ముసలివాళ్లూ, చంటిపిల్లల తల్లులూ ఉన్నారు. చివరికి ఒక పార్కులో కూర్చుని పాటలు వింటున్నారు. పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో వాళ్లను చెదరగొట్టారు. ఆ మధ్యాహ్నం రూబెన్ సలజార్ అనే పేరుపొందిన పత్రికా రచయిత ఒక హోటల్లో కూర్చుని ఉండగా, పోలీసులు లోపలికి పేల్చిన బాష్పవాయు గుండు తగిలి చనిపోయాడు. ఆ పార్కుకు ఇప్పుడు ఆయన పేరే ఉంది.

ఆ ఏడాదే, ఆ పేటలోనే, ఒక గ్యారేజీలో మన కథ మొదలవుతుంది.

కారెన్ బొకలేరో అని ఒక సన్యాసిని. ఫ్రాన్సిస్కన్ మఠానికి చెందినవారు. అందరూ సిస్టర్ కారెన్ అనేవాళ్లు. మనం ఊహించుకునే తెల్ల ముసుగు, జపమాల ఉన్న సిస్టర్ కాదు. మామూలు బట్టలే వేసుకునేవారట. సిగరెట్లు బాగా కాల్చేవారట. మాట కటువట. కానీ పని దగ్గర రాక్షసి అని ఆమెను ఎరిగినవాళ్లు ఇప్పటికీ ప్రేమగా చెప్పుకుంటారు. ఆమె చదువుకున్నది ఇమ్మాక్యులేట్ హార్ట్ కాలేజీలో. అక్కడ ఆమెకు చిత్రకళ నేర్పింది కొరీటా కెంట్. ఆవిడా సన్యాసినే. స్క్రీన్ ప్రింటింగ్‌తో వేసిన ముచ్చటైన రంగుల పోస్టర్లతో అమెరికా అంతటా పేరు తెచ్చుకున్న మనిషి. అంటే సిస్టర్ కారెన్‌కు అబ్బిన విద్య అచ్చుపని. రంగు, స్క్రీను, కాగితం.

మెక్సికో నుంచి వచ్చిన ఇద్దరు చిత్రకారులు ఆమెకు తోడయ్యారు. కార్లోస్ బ్యూనో, ఆంటోనియో ఇబాన్యెస్. ముగ్గురూ మరికొందరితో కలిసి ఆ గ్యారేజీలో అచ్చుపని మొదలుపెట్టారు. ఆమె మఠం కొంత డబ్బు సాయం చేసింది. కొన్నాళ్లకు గ్యారేజీ వదిలి పెద్ద చోటికి మారారు.

ఇక్కడ ఒక మాట మీరు పట్టుకోవాలి. సిస్టర్ కారెన్ ఆ పేటలో గోడలకు బొమ్మలు తగిలించి, వచ్చి చూసిపొమ్మనలేదు. మీరే వెయ్యండి అంది. పనిముట్టు చేతికిచ్చింది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే ఈ ప్రసంగమంతా గుర్తున్నట్టే. పనిముట్టు చేతికిచ్చింది.

అది ఎందుకు అంత పెద్ద సంగతో చెప్పాలంటే అప్పటి మ్యూజియం సంగతి చెప్పాలి. లాస్ ఏంజెలస్‌లో కౌంటీ మ్యూజియం అని ఒక పెద్ద కళా మ్యూజియం ఉంది. జనం పన్నుల డబ్బుతో నడిచేది. హ్యారీ గాంబోవా అనే చికానో కుర్రాడు అక్కడికి వెళ్లి, ఇక్కడ మావాళ్ల బొమ్మలు ఎందుకు లేవు అని అడిగాడు. మీవాళ్లు జానపద కళలు చేస్తారు, లేదంటే ముఠాల్లో తిరుగుతారు అన్నట్టు అక్కడి ఉద్యోగి ఒకరు జవాబిచ్చారని గాంబోవా చెబుతాడు. 1972లో ఒక రాత్రి గాంబోవా, గ్రాంక్, విల్లీ హెర్రాన్ అనే ముగ్గురు స్నేహితులు రంగు డబ్బాలు పట్టుకెళ్లి మ్యూజియం ముంగిట తమ పేర్లు స్ప్రే చేసి వచ్చారు. లోపల చోటివ్వకపోతే మ్యూజియం మొత్తం మీదే మా సంతకం పెడతాం అన్నట్టు. కొద్ది గంటల్లోనే ఆ పేర్లను చెరిపేశారు. కానీ వాళ్ల బృందంలోనే ఉన్న పాట్సీ వాల్డెస్ అనే అమ్మాయి ఆ సంతకాల దగ్గర నిలబడగా తీసిన ఫొటో ఒకటి మిగిలింది. ఇవాళ అమెరికా కళాచరిత్ర పుస్తకాల్లో ఆ ఫొటోకు చోటుంది.

గ్రాంక్ అనే పేరు గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తాడు.

ఇప్పుడు పండగ దగ్గరికి వద్దాం. మెక్సికో మూలాలున్నవాళ్లందరికీ పోయినవాళ్ల పండగ ముందు నుంచీ ఉండే ఉంటుంది కదా అనిపిస్తుంది. అది నిజం కాదు. మెక్సికోలో కూడా ఈ పండగ మధ్య భాగంలో, దక్షిణ భాగంలో బలంగా ఉండేది. ఈస్ట్ లాస్ ఏంజెలస్‌లో పుట్టి పెరిగిన చాలామంది పిల్లలకు దాని సంగతే సరిగ్గా తెలియదు. మెక్సికో నుంచి వచ్చిన బ్యూనో, ఇబాన్యెస్‌లకు తెలుసు. 1970ల తొలినాళ్లలో, సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్ ఆ పండగను పేటలో మొదలుపెట్టింది. ఆ రోజుల్లోనే శాన్ ఫ్రాన్సిస్కోలో గలేరియా డె లా రాసా అనే కేంద్రం కూడా మొదలుపెట్టింది.

ఎలా చేశారంటే, ముఖాలకు పుర్రె బొమ్మల రంగులు వేసుకుని, ఎవర్‌గ్రీన్ స్మశానం దగ్గర కలుసుకుని, అక్కణ్నించి పాటలు పాడుకుంటూ కేంద్రం దాకా నడిచేవాళ్లు. స్మశానం నుంచి ఊరేగింపేమిటి అని మనకు అనిపించవచ్చు. కాసేపు తెలంగాణ పల్లెను తలుచుకోండి. పెత్తరమాస నాడు పొద్దున పెద్దల పేరు చెప్పి బియ్యం ఇస్తారు. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. పోయినవాళ్ల తలపు, పువ్వుల ఆట, రెండూ ఒకే రోజు. మెక్సికోవాళ్లకూ అంతే.

కేంద్రంలోకి వెళితే ఒఫ్రెండా ఉంటుంది. మెట్లు మెట్లుగా కట్టిన పీఠం. మన బొమ్మలకొలువు పేర్చే తీరుగానే. కాస్త దగ్గరగా చూద్దాం. పైమెట్టు మీద చనిపోయినవాళ్ల ఫొటో. కింద ఒక గ్లాసు నీళ్లు, దూరం నుంచి వచ్చినవాళ్లకు దాహం తీరాలి కదా. చిన్న గిన్నెలో ఉప్పు. కోపాల్ అనే బంక ధూపం, మన సాంబ్రాణి జాతిది. పంచదారతో పోసిన చిన్న పుర్రె, దాని నుదుటి మీద పేరు. పైన ఎముకల ఆకారం దిద్దిన గుండ్రటి రొట్టె. తలమీదుగా వేలాడే రంగురంగుల పల్చటి కాగితాలు, ఉలితో కత్తిరించిన బొమ్మలతో. ఇక ఆ మనిషికి ఇష్టమైనవి. ఒకరికి కాఫీ కప్పు. ఒకరికి సిగరెట్టు పెట్టె. ఒక చిన్నపిల్లకు ఆటబొమ్మ. అన్నిటి చుట్టూ గంపలకొద్దీ బంతిపూలు.

ఫొటోలు ఎవరివంటారు? తాతలవీ, అమ్మమ్మలవే కాదు. మొదటి ఏళ్లలో వియత్నాంలో చనిపోయిన కొడుకులవి. తరవాత్తరవాత ఎయిడ్స్‌తో పోయిన స్నేహితులవి. వీధి కాల్పుల్లో పోయిన కుర్రాళ్లవి. ఎడారిలో నడిచి సరిహద్దు దాటబోయి దాహంతో ప్రాణం విడిచిన, పేరు కూడా తెలియని మనుషుల కోసం పెట్టిన పీఠాలూ ఉన్నాయి. నా మనసుకు బాగా పట్టిన సంగతి ఇదే. వార్తల్లో అంకెగా మిగిలిపోయే చావుకు ఇక్కడ ఒక ఫొటో ఉంది, ఒక గ్లాసు నీళ్లున్నాయి. ఏడ్చే హక్కు, తలుచుకునే హక్కు వీధిలోకి వచ్చింది.

కేంద్రానికి రాలేనివాళ్ల సంగతి? 1975లో సిస్టర్ కారెన్ ఒక వ్యాను సంపాదించింది. దాని పేరు బారియో మొబైల్ ఆర్ట్ స్టూడియో. బారియో అంటే పేట. వ్యాను నిండా రంగులు, అచ్చు సామాను, కెమెరాలు, ఆడించే బొమ్మలు చేసే సరంజామా. బడి దగ్గర ఆగేది, వీధి మొదట్లో ఆగేది. పిల్లలు ఎగబడేవాళ్లు. మళ్లీ అదే మాట చెబుతున్నాను. బొమ్మలు చూపించడానికి కాదు వ్యాను వచ్చింది. పనిముట్టు చేతికివ్వడానికి.

1970ల చివర కేంద్రం పేటలోనే ఒక పాత చర్చి సంఘం భవనంలోకి మారింది. ఆ వీధికి ఇప్పుడు సీజర్ చావెజ్ పేరుంది. పొలం కూలీల సంఘం కట్టిన నాయకుడు ఆయన. పాతబడిన ఆ కట్టడానికి ఎదువార్దో ఒరోపెసా అనే శిల్పి కొత్త రూపు ఇచ్చాడు. పగిలిన పింగాణీ కప్పులు, పళ్లేలు, పెంకులు ఏరి తెచ్చి గోడలకు అతికించుకుంటూ పోయాడు. ఎండ పడితే గోడంతా తళతళలాడేది. పైఅంతస్తు హాల్లో 1980లో కుర్రకారు పంక్ సంగీతం కూడా మొదలైంది. వెక్స్ అని దాని పేరు. మ్యూజియం ముందు సంతకం చేసిన విల్లీ హెర్రాన్ అక్కడ పాడేవాడు. నదికి పడమటి క్లబ్బులు తమను రానివ్వడం లేదని పేట కుర్రాళ్లు తమ వేదిక తామే కట్టుకున్నారు. ఒక సన్యాసిని నడిపే ఇంట్లో పంక్ పాటలు! సిస్టర్ కారెన్ వద్దనలేదు.

ఇప్పుడు అసలు పని దగ్గరికి వద్దాం, అచ్చుపని దగ్గరికి. మన ఊళ్లలో పెళ్లి శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపులు మీరు చూసే ఉంటారు. అదే పద్ధతి. చెక్క చట్రానికి సన్నటి వల గుడ్డ బిగించి కడతారు. రంగు దిగకూడని చోట ఆ వలను పూడ్చేస్తారు. చట్రం కింద కాగితం పెడతారు. ఒక అంచున రంగు పోస్తారు. రబ్బరు అంచున్న స్క్వీజీతో, ఒకే బలంతో, ఆగకుండా ఇవతలికి లాగుతారు. చట్రం ఎత్తితే కాగితం మీద ఒక రంగు దిగి ఉంటుంది. ఒక్కటే రంగు. రెండో రంగుకు రెండో స్క్రీను. పది రంగుల బొమ్మకు పది స్క్రీన్లు. ప్రతి రంగూ ముందు రంగు మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. ఒక్కసారి కాగితం జరిగితే ఆ ప్రతి పోయినట్టే.

దీనికి పెద్ద యంత్రం అక్కర్లేదు. ఖర్చు తక్కువ. ఒకే బొమ్మ పదుల ప్రతులు వస్తుంది. అందుకే బీదల పేటకు ఇది సరిపోయింది. ఊరేగింపుకు పోస్టరు కావాలన్నా ఇదే, ఇంటి గోడకు బొమ్మ కావాలన్నా ఇదే.

1980ల మొదట్లో సిస్టర్ కారెన్ ఈ పనిని ఇంకో మెట్టు ఎక్కించింది. చికానో చిత్రకారులను పిలిచి, అనుభవమున్న మాస్టర్ ప్రింటరును పక్కన పెట్టి, మీకు తోచిన బొమ్మ వెయ్యండి అంది. ఖర్చు కేంద్రానిది. అచ్చయిన ప్రతుల్లో కొన్ని చిత్రకారుడివి, కొన్ని కేంద్రానివి. కేంద్రం తన వాటా అమ్ముకుని, ఆ డబ్బుతో ఇంకొకరిని పిలిచేది. చూడండి, ఎంత తేలికైన లెక్కో! ఆ లెక్క మీదే ఆ పని దశాబ్దాలు నడిచింది.

అలా మొదట్లో వచ్చినవాళ్లలో ఒకడు గ్రాంక్. అవును, మ్యూజియం ముంగిట రాత్రిపూట పేరు రాసిన గ్రాంకే. యిరేనా సెర్వాంటెస్ అని ఇంకో చిత్రకారిణి వచ్చింది. పాట్సీ వాల్డెస్ వచ్చింది. తరవాతి ఏళ్లలో బార్బరా కరాస్కో వేసిన డొలోరెస్ అనే ప్రింటుకు చాలా పేరొచ్చింది. సీజర్ చావెజ్‌తో కలిసి పొలం కూలీల సంఘం కట్టిన డొలోరెస్ వెర్టా బొమ్మ అది. పోరాటం అంటే మగ నాయకుల బొమ్మలే గోడలకెక్కే కాలంలో, ఆవిడ ముఖం పోస్టరంత పెద్దగా కనిపించింది.

1994లో కౌంటీ మ్యూజియం గ్రాంక్ బొమ్మల ప్రదర్శన పెట్టింది. ఇరవై రెండేళ్ల కిందట పేరు చెరిపేసిన మ్యూజియమే. తలుపు దానంతట అది తెరుచుకోలేదు. నది అవతల ఒక ఇంట్లో ఆ ఏళ్లన్నీ కాగితం మీద రంగు దిగుతూనే ఉంది కాబట్టి తెరుచుకుంది. నేనలాగే నమ్ముతాను.

సిస్టర్ కారెన్ 1997లో కన్నుమూశారు. ఆ తరవాత కష్టకాలం వచ్చింది. 2005లో డబ్బు కటకటతో ఒకరోజు హఠాత్తుగా తలుపులకు తాళం పడింది. చిత్రకారులూ, పేట జనమూ గుమిగూడి గొడవపెట్టి మళ్లీ తెరిపించారు. 2008లో భవనమే అమ్ముడైపోయింది. చర్చి ఆస్తి అది, కేంద్రానిది కాదు. ఆ పింగాణీ గోడల ఇల్లు వదిలి, 2011లో బాయిల్ హైట్స్‌లో ఒక పాత గోదాము లాంటి కట్టడానికి మారారు. ఒకసారి దెబ్బతిన్నారు కదా, ఈసారి ఊరుకోలేదు. నిధులు కూడబెట్టి 2018లో ఆ కట్టడాన్ని సొంతం చేసుకున్నారు. సొంత గోడలు లేని సంస్థ ఎంత గొప్పదైనా ఒక్క సంతకంతో వీధిన పడుతుంది. మన ఊళ్లలో గ్రంథాలయాలు, నాటక సమాజాలు నడిపేవాళ్లకు ఈ బాధ వేరే చెప్పాలా?

కథ ఇంతటితో సుఖాంతం అనలేను. బాయిల్ హైట్స్‌లో ఇళ్ల అద్దెలు పెరిగాయి. కొత్తగా ఆర్ట్ గ్యాలరీలు వచ్చాయి. గ్యాలరీలు వచ్చిన చోటికి డబ్బున్నవాళ్లు వస్తారు, మా అద్దెలు పెరుగుతాయి, మమ్మల్ని వెళ్లగొడతారు అని 2016 నాటికి పేట యువకులు ఆందోళనకు దిగారు. ఆ వేడి సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్‌కూ తగిలింది. మీరు కూడా ఎవరి పక్షమో చెప్పండి అని నిలదీశారు. అది న్యాయమైన ప్రశ్నే. పేట మనుషులే లేకపోయాక పేట కళాకేంద్రం ఎవరి కోసం? ఆ ప్రశ్నకు జవాబు ఒక్క కేంద్రం చేతిలో లేదు. ఊరి పాలకుల చేతిలో కూడా ఉంది.

పండగ మాత్రం పేట దాటిపోయింది. ఇవాళ అమెరికా అంతటా చేస్తారు. 2013లో డిస్నీ కంపెనీ, ఈ పండగ నేపథ్యంలో సినిమా తీస్తూ, పండగ పేరునే తన ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోబోయింది. లాటినో జనం మండిపడ్డారు. పెద్దల పండగ పేరు మీద ఒక కంపెనీకి హక్కేమిటన్నారు. లాలో అల్కరాస్ అనే కార్టూనిస్టు ఊరుకోకుండా గట్టిగా వ్యంగ్యచిత్రం వేశాడు. కంపెనీ దరఖాస్తు వెనక్కి తీసుకుంది. ఆ తరవాత ఆ కార్టూనిస్టునే పిలిచి సినిమాకు సలహాదారుగా పెట్టుకుంది. 2017లో వచ్చిన ఆ సినిమా పేరు కోకో. మీ ఇంట్లో పిల్లలు చూసే ఉంటారు. అందులో బంతిరేకల వంతెన చూసినప్పుడు, అంతకు నలభై ఏళ్ల ముందే ఒక పేట జనం స్మశానం నుంచి నడిచి వచ్చి దానికి దారి వేశారని పిల్లలకు చెప్పండి.

ఏటా పండగ సందర్భంగా ఒక చిత్రకారుడి చేత కొత్త ప్రింటు వేయించడం సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్ ఆనవాయితీ. పండగకు ముందు వారాల్లో కాగితం పువ్వులు, పంచదార పుర్రెలు, అచ్చుపని నేర్పుతారు. లాస్ ఏంజెలస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్లలో ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే, అక్టోబరులో ఎక్కడ ఏం జరుగుతోందో కనుక్కుని ఒకసారి వెళ్లండి. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. పాత బట్టలు వేసి తీసుకెళ్లండి. అక్కడ దూరంగా నిలబడి చూడమనరు, స్క్వీజీ చేతికిచ్చి లాగమంటారు, రంగు అంటుకుంటుంది.